చెట్టుపాము మీద మూసేసిన టికెట్

నేనొక టికెట్ మూసేశాను. అదేమంత గొప్ప విషయం, మనమంతా రోజూ చేసే పనేగా అంటారా.. నిజమే. కానీ ఈ టపా ఆ టికెట్ వల్లే పుట్టింది కాబట్టి ముందు దాని సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి, తర్వాత మిమ్మల్ని ఆఫ్రికా తీసుకెళ్తాను.

మా క్లయింటుకి ఓ పెద్ద గోదాము ఉంది. అక్కడ రాత్రి షిఫ్టులో సరుకు స్కాన్ చేసే ఒకాయన, అర్ధరాత్రి దగ్గర్లో స్కాన్ చేసినవాటిలో కొన్ని మర్నాటి లెక్కలో రెండోసారి కనబడుతున్నాయని రాశాడు. స్క్రీన్‌షాట్ లేదు, లాగ్ లేదు. వచ్చీరాని ఇంగ్లీషులో రెండే రెండు వాక్యాలు. నేను పట్టపగలు మా టెస్ట్ సర్వర్ మీద ఓ పాతికసార్లు ప్రయత్నించి చూశాను. అంతా శుభ్రంగా ఉంది. "నాట్ రీప్రొడ్యూసబుల్" అని రాసి మూసేసి టీ తాగడానికి వెళ్ళిపోయాను.

నాలుగు నెలల తర్వాత వాళ్ళ ఆడిట్‌లో అసలు సంగతి బయటపడింది. రెండు సర్వర్ల గడియారాలకి నాలుగు నిమిషాల తేడా ఉంది. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లో స్కాన్ అయిన సరుక్కి రెండేసి బిల్లులు వెళ్ళాయి. డబ్బుల గొడవ కంపెనీలు చూసుకున్నాయి లెండి. నాకు మాత్రం ఆ పాత టికెట్ తెరిచి ఆ రెండు వాక్యాలు మళ్ళీ చదివినప్పుడు తల కొట్టేసినట్టయింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను పరీక్షించింది వేరే దేన్నో.

ఆ శని, ఆదివారాలు మనసు బాగోక, ఎప్పుడూ చేసే పనే చేశాను. పాముల గురించి చదవడం! (ఈ పిచ్చి నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. మా ఆవిడ దీనికి ఎప్పుడో అలవాటుపడిపోయింది.) పాత ప్రకృతిశాస్త్ర పుస్తకాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే సైటుంది. అందులో ఆఫ్రికా పాముల గురించి తవ్వుకుంటూ పోతుంటే, నూట ఎనభై ఏళ్ళ కిందటి ఒక పేరా దగ్గర చెయ్యి ఆగిపోయింది. అచ్చం నేను మూసేసిన టికెట్టే!

కేప్‌టౌన్ డాక్టరుగారు

ఆ పేరా రాసినాయన పేరు ఆండ్రూ స్మిత్. 1797లో స్కాట్లాండులో పుట్టాడు. బ్రిటిష్ సైన్యంలో డాక్టరు. 1820ల మొదట్లో దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి వచ్చాడు. 1825లో కేప్‌టౌన్‌లో మ్యూజియం పెట్టినప్పుడు దాన్ని నడిపే బాధ్యత ఈయనకే ఇచ్చారు. 1834 నుంచి 1836 దాకా ఎడ్లబళ్ళు కట్టుకుని లోపలి ప్రాంతాలకి పెద్ద యాత్ర చేసి, గుట్టలకొద్దీ జంతువుల నమూనాలు పట్టుకొచ్చాడు. 1836లో డార్విన్ ఓడ కేప్‌టౌన్‌లో ఆగినప్పుడు ఆయనకి చుట్టుపక్కల రాళ్ళూ రప్పలూ చూపించింది కూడా ఈ స్మిత్తే. అంటే ఆషామాషీ మనిషి కాదన్నమాట. ఆ కాలానికి దక్షిణాఫ్రికా జంతువుల గురించి ఈయనకన్నా ఎక్కువ తెలిసిన యూరోపియన్ లేడంటే అతిశయోక్తి కాదు.

ఈయన శాస్త్రలోకానికి పరిచయం చేసిన పాముల్లో ఒకటి బూమ్‌స్లాంగ్. ఆఫ్రికాన్స్ భాషలో బూమ్ అంటే చెట్టు, స్లాంగ్ అంటే పాము. చెట్టుపాము, అంతే. సన్నగా పొడుగ్గా ఉంటుంది. పొట్టి తల, పెద్ద పెద్ద కళ్ళు. కొమ్మల్లో ఊసరవెల్లుల్నీ పిట్టల్నీ పట్టుకుని తింటుంది. మగవి చాలాచోట్ల పచ్చగా మెరిసిపోతుంటాయి, ఆడవి గోధుమరంగులో ఉంటాయి, పిల్లలు ఇంకోలా ఉంటాయి. ఈ రంగుల గోల వల్ల పాపం స్మిత్ 1828లో ఒకే పాముకి నాలుగు పేర్లు పెట్టేశాడు. ఒకే కస్టమర్‌కి డేటాబేసులో నాలుగు రికార్డులు ఉండటం మనకేం కొత్తా? తర్వాత పొరపాటు ఆయనే గ్రహించి, అన్నిటినీ ఒకే జాతి కింద కలిపేశాడు.

ఇంకో తమాషా ఏమిటంటే, ఆయన పెట్టిన ప్రజాతి పేరు బ్యూసెఫాలస్. సరిగ్గా దానికి ముందు ఏడాదే ఒక పరాన్నజీవి పురుగుకి ఎవరో ఆ పేరు పెట్టేసి ఉన్నారు. ముందు ఎవరు వాడుకుంటే పేరు వాళ్ళదే అనేది జీవశాస్త్రంలో నియమం. అందుకని 1832లో ఫ్రెంచి శాస్త్రవేత్త దువెర్నాయ్ ఇచ్చిన డిస్ఫోలిడస్ అనే పేరు నిలబడింది. ఇప్పుడు దీని పూర్తి పేరు డిస్ఫోలిడస్ టైపస్.

సరే, అసలు విషయానికొద్దాం. 1838 నుంచి 1849 దాకా స్మిత్ "ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ది జువాలజీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా" అని భాగాలు భాగాలుగా ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. జార్జ్ ఫోర్డ్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు చూస్తే ఇప్పటికీ కళ్ళు తిరుగుతాయి, ఒక్కో పొలుసూ లెక్కపెట్టుకోవచ్చు. అందులో ఈ పాము గురించి రాస్తూ స్మిత్ చెప్పినదాని సారాంశం ఇది. దీని పైదవడలో వెనకవైపు గాడి ఉన్న పొడుగాటి కోరలున్నాయి. స్థానిక జనం దీన్ని విషసర్పం అంటారు. కానీ విషం తయారుచేసే గ్రంథి అని చెప్పదగ్గదేదీ నాకు కనబడలేదు. కాబట్టి వాళ్ళ మాటతో ఏకీభవించలేను. ఆ కోరలు బహుశా నోట్లోకి వచ్చిన పిట్ట వెనక్కి జారిపోకుండా పట్టుకోవడానికై ఉంటాయి.

అంతే. టికెట్ క్లోజ్డ్.

ఆయన తప్పు ఎక్కడ?

స్మిత్‌ని తిట్టిపోయడం తేలికే గానీ, ఆయన స్థానంలో ఉంటే మనం మాత్రం ఏం చేసేవాళ్ళం? ఆధారం అడిగాడు, కోసి చూశాడు, కనబడలేదు, కనబడలేదని నిజాయితీగా రాశాడు. నేనూ పాతికసార్లు టెస్ట్ చేశాగా మరి!

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆయనకి తెలిసిన విషసర్పం అంటే నాగుపాము, లేదా పింజర. వాటికి కోరలు నోటి ముందుభాగంలో ఉంటాయి, వెనకాల నిండు తిత్తిలాంటి విషగ్రంథి ఉంటుంది. బూమ్‌స్లాంగ్ ఏర్పాటు వేరు. కోరలు వెనక్కి, కంటి కిందుగా ఉంటాయి. గొట్టంలా కాకుండా పైన తెరిచిన గాడిలా ఉంటాయి. గ్రంథి ఆకారమూ వేరు, విషం నిల్వ ఉండటానికి పెద్ద తిత్తి ఉండదు. ఆ రకం గ్రంథిని తర్వాతి కాలంలో దువెర్నాయ్ గ్రంథి అని పిలిచారు, పైన పేరు దగ్గర వచ్చినాయనే. స్మిత్ నాగుపాము గ్రంథి కోసం వెతికాడు. అది అక్కడ లేదు.

రెండో చిక్కు, ఈ పాము స్వభావం. మహా పిరికిది. మనిషి అలికిడైతే జారుకుంటుంది. చేత్తో పట్టుకుంటే తప్ప దాదాపు కరవదు. కరిచినా అన్నిసార్లూ విషం సరిగ్గా దిగదు. దిగినా వెంటనే ఏమీ తెలియదు. కాస్త నొప్పి, కాస్త వాపు, అంతే. కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు గడిచాక మొదలవుతుంది అసలు కథ. ఈ విషం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. ఒంట్లో ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న గడ్డలు కట్టించి, గడ్డకట్టడానికి కావలసిన సరుకంతా ఖర్చుపెట్టేస్తుంది. ఒక్క ప్రాసెస్ మెమరీ మొత్తం తినేస్తే అసలు అవసరమైనదానికి ఏమీ మిగలదు చూడండి, అలాగ. ఆ తర్వాత చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి, మూత్రపిండాల నుంచి, చివరికి మెదడులో కూడా రక్తం కారుతూనే ఉంటుంది, ఆగదు.

ఇప్పుడాలోచించండి. పాము కరిచినవాడు ఆ సాయంత్రం నవ్వుతూ ఇంటికెళ్ళాడు. చూసినవాళ్ళు "ఏమీ కాలేదు" అని రాసుకున్నారు. మర్నాటి సంగతి తెలిసేది ఎవరికి? ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి. పట్టపగలు టెస్ట్ చేసి వెళ్ళిపోయేవాళ్ళకి కాదు.

టికెట్ మళ్ళీ తెరుచుకుంది, సగం

20వ శతాబ్దం మొదటి దశకంలో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్ మ్యూజియంకి (ఆ ఊరి పేరు 2021లో గెబెర్హాగా మారింది) ఫ్రెడరిక్ విలియం ఫిట్జ్‌సైమన్స్ అనే ఆయన డైరెక్టరుగా వచ్చాడు. ఆయన దగ్గర పనిచేసే ఉద్యోగి ఒకతన్ని బూమ్‌స్లాంగ్ కరిచింది. మనిషి రోజుల తరబడి రక్తం కక్కుకుని, చావు అంచుదాకా వెళ్ళి బతికాడు. ఫిట్జ్‌సైమన్స్ ఆ కేసుని వివరంగా రాశాడు. అంతటితో స్మిత్ మాట తప్పని తేలిపోయింది. 1940లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ఈ విషం మీద పరిశోధనాపత్రం కూడా ప్రచురించారు. దీనికి ప్రత్యేకంగా విరుగుడు మందు కూడా ఆ దేశంలోనే తయారైంది.

అదే మ్యూజియం తర్వాత పాముల పార్కు కూడా పెట్టింది. అక్కడ పాముల్ని ఆడిస్తూ, వాటి గురించి జనానికి చూపిస్తూ దశాబ్దాలపాటు పనిచేసిన నల్లజాతి ఉద్యోగి జోహానెస్ మొలికో. మెడ నిండా పాములేసుకుని నిలబడ్డ ఆయన ఫొటోలు అప్పట్లో పోస్టుకార్డుల మీద అచ్చేసి అమ్మేవారు. పాము ప్రవర్తన గురించి ఆయనకెంత తెలిసి ఉండాలి! కానీ మనకి మిగిలింది పోస్టుకార్డులు. ఆయన రాసిన పుస్తకం ఏదీ నాకెక్కడా కనబడలేదు.

మరి టికెట్ "సగమే" తెరుచుకుందని ఎందుకన్నానంటే.. ఒక పాము గురించి ఒక దేశంలో తెలిసినంత మాత్రాన ఆ జ్ఞానం అందరి చేతివేళ్ళలోకీ దిగదు. "వెనక కోరల పాములు పెద్దగా ప్రమాదం కాదు" అనే పాత నమ్మకం పుస్తకాల్లో కాకపోయినా అలవాట్లలో ఉండిపోయింది. చేత్తో పట్టుకునే పద్ధతిలో ఉండిపోయింది.

షికాగో, 1957

కార్ల్ ప్యాటర్సన్ ష్మిట్ 20వ శతాబ్దపు మహామహుల్లో ఒకడు. 1909 నుంచి 1915 దాకా హెర్బర్ట్ లాంగ్, జేమ్స్ చాపిన్ అనే ఇద్దరు అప్పటి బెల్జియన్ కాంగోలో తిరిగి, వందలమంది స్థానిక కూలీలూ వేటగాళ్ళ సాయంతో న్యూయార్క్ మ్యూజియంకి బోలెడంత సేకరణ పట్టుకొచ్చారు. అందులో సరీసృపాల సీసాలన్నీ ముందేసుకుని కూర్చుని, 1919లో బల్లులూ తాబేళ్ళూ మొసళ్ళ మీద, 1923లో పాముల మీద రెండు పెద్ద గ్రంథాలు రాశాడు ష్మిట్. 1922లో షికాగో ఫీల్డ్ మ్యూజియంకి మారాడు. అక్కడే ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా మ్యూజియంకి వస్తూనే ఉండేవాడు.

1957 సెప్టెంబరు 25న షికాగోలోని లింకన్ పార్క్ జూ వాళ్ళు ఒక చిన్న పాముని, ఇదేమిటో చెప్పండంటూ మ్యూజియంకి పంపారు. పొడవు 76 సెంటీమీటర్లు. తల చూస్తే బూమ్‌స్లాంగ్‌లానే ఉంది. కానీ ఆ జాతికి తోక మొదట్లో ఉండే పొలుసు రెండుగా చీలి ఉండాలి, దీనికేమో ఒక్కటిగా ఉంది. ఆ ఒక్క ఫీల్డు సరిపోలకపోవడంతో అందరూ సందేహంలో పడ్డారు. ష్మిట్ పక్కనున్న సహోద్యోగి చేతిలోంచి పాముని మామూలుగా తీసుకున్నాడు. అది ఎడమ బొటనవేలి మీద కరిచింది. ఒక్క కోర మాత్రమే పూర్తిగా, సుమారు 3 మిల్లీమీటర్ల లోతు దిగింది.

చిన్న పాము, ఒక్క కోర, పైగా వెనక కోరల రకం. ప్రాణాలమీదకి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆయన ఆస్పత్రికి వెళ్ళలేదు. కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

ఆ కాగితం చదివితే మన లాగ్ ఫైలు చదివినట్టే ఉంటుంది. టైము, సంఘటన. టైము, సంఘటన. సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య, లోకల్ రైల్లో ఇంటికెళ్తుంటే తీవ్రంగా వికారం. తర్వాత గంటసేపు చలి, వణుకు, ఆపైన 101.7 డిగ్రీల జ్వరం. అయిదున్నర ప్రాంతంలో చిగుళ్ళ నుంచి రక్తం. ఎనిమిదిన్నరకి పాలల్లో రొట్టె ముక్కలు రెండు తిన్నాడు. తొమ్మిది నుంచి పన్నెండుంపావు దాటేవరకు బాగానే నిద్రపట్టింది. లేచి చూస్తే మూత్రంలో చాలావరకు రక్తమే. తెల్లవారుజామున వాంతులు. ఆ తర్వాత కాస్త తెరిపిన పడి మళ్ళీ నిద్ర. 26 ఉదయం ఆరున్నరకి జ్వరం లేదు, 98.2. ఉదయం ఫలహారం ఏం తిన్నాడో కూడా రాశాడు. ముక్కూ నోరూ నుంచి రక్తం వస్తూనే ఉంది గానీ మరీ ఎక్కువగా కాదని రాసి అక్కడితో ఆపాడు.

మ్యూజియంకి ఫోన్ చేసి, ఒంట్లో బావుంది, రేపొస్తానన్నాడు. మధ్యాహ్నం భోజనం తర్వాత పరిస్థితి ఒక్కసారిగా దిగజారింది. మూడు గంటల ప్రాంతంలో ప్రాణం పోయింది. కరిచి ఒక రోజు. శవపరీక్షలో ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో, గుండెలో, మెదడులో రక్తస్రావం కనబడింది. ఆయనకప్పుడు 67 ఏళ్ళు.

ఈ లాగ్ 1958లో "కోపియా" అనే పత్రికలో వచ్చింది. మన ఆఫీసు గ్రూపుల్లో కూడా అప్పుడప్పుడు "చావుని రాసుకున్న సైంటిస్ట్" అంటూ వీడియోలు తిరుగుతుంటాయి. చూసి అందరం "వావ్" అనుకుంటాం. నాకు మాత్రం ఈమధ్య ఆ కథలో ధైర్యంకన్నా ఇంకొకటి ఎక్కువగా కనబడుతోంది. ఉదయం ఆరున్నర రీడింగు చూసి "జ్వరం తగ్గింది" అనుకున్నాడే, అది. గ్రీన్ వచ్చింది కదా, ఇక ఫర్వాలేదు అని ఎన్నిసార్లు అనుకోలేదు మనం! థర్మామీటరు చెప్పింది నిజమే. ఆయన కొలవాల్సింది అది కాదు.

ఇంకొక్కటి చెప్పి ముందుకెళ్తాను. జర్మనీలో రాబర్ట్ మెర్టెన్స్ అని ఇంకో మహానుభావుడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సెంకెన్‌బెర్గ్ మ్యూజియంలో జీవితమంతా గడిపాడు. 1975లో తను పెంచుకుంటున్న ఆఫ్రికా పుల్లపాముకి మేత వేస్తుంటే అది కరిచింది. ఎండుపుల్లలా ఉండే సన్నటి పాము, అదీ వెనక కోరల రకమే. దాని విషానికి అప్పుడు విరుగుడు లేదు, ఇప్పటికీ లేదు. 18 రోజులు బాధపడి, డైరీ రాసుకుంటూ ఆగస్టు 23న పోయాడు. ఆ పాము శాస్త్రీయనామం థెలోటోర్నిస్ కాపెన్సిస్. దానికి 1849లో పేరు పెట్టింది ఎవరనుకున్నారు? మన ఆండ్రూ స్మిత్తే.

గూగుల్ ఎర్త్‌లో దొరికిన అడవి

ఇదంతా పాతకాలపు వలస దొరల కథ, ఇప్పుడంతా మారిపోయింది అనుకుంటున్నారా? కొంత మారింది. కొంతే.

మొజాంబిక్ ఉత్తరభాగంలో మాబు అని ఒక కొండ ఉంది. 2005లో జూలియన్ బేలిస్ అనే శాస్త్రవేత్త గూగుల్ ఎర్త్‌లో చూస్తూ అక్కడ దట్టమైన పచ్చటి మచ్చ గమనించి, వెళ్ళి చూస్తే వేల హెక్టార్ల చెక్కుచెదరని అడవి! 2008లో లండన్ క్యూ గార్డెన్స్ ఆధ్వర్యంలో పెద్ద బృందం వెళ్ళింది. అక్కడ దొరికిన కొత్త పింజరకి 2009లో ఆ కొండ పేరే పెట్టారు, అథెరిస్ మాబుయెన్సిస్ అని. 2010లో అక్కడి పొట్టి ఊసరవెల్లికి బేలిస్ పేరు పెట్టారు. ఆ రెండు జాతులకీ పేర్లు పెట్టినవారిలో బిల్ బ్రాంచ్ అనే ఆయన ఉన్నాడు. ఈయన పనిచేసింది కూడా ఆ పోర్ట్ ఎలిజబెత్ మ్యూజియంలోనే. లోకం చిన్నది!

ఈ వార్త వచ్చినప్పుడు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరం తెగ సంబరపడ్డాం. "గూగుల్ ఎర్త్‌లో అడవిని కనిపెట్టారట!" అని నేనే పదిమందికి మెయిలు కొట్టాను. చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు, 1977 నుంచి 1992 దాకా మొజాంబిక్‌లో జరిగిన అంతర్యుద్ధంలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ప్రాణాలు దక్కించుకోవడానికి ఆ అడవిలోకే పారిపోయి తలదాచుకున్నారని. వాళ్ళకది కొత్త అడవేం కాదు. ఏ చెట్టు కింద ఏముందో తెలియకపోతే బతికేవాళ్ళే కాదు. కనిపెట్టారు అనే మాట బేలిస్ వైపు నుంచి నిజమే. ఆయనేం ఆ ఊరివాళ్ళ సంగతి దాచిపెట్టలేదు కూడా. మెయిలు కొట్టిన నాబోటిగాళ్ళకే ఆ సగం అక్కర్లేకపోయింది.

పేర్ల లెక్క చూద్దామా? 2023లో "నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్" పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఆఫ్రికాలోని పక్షులు, సరీసృపాలు, ఉభయచరాలు, క్షీరదాల్లో 1,565 జాతులకి, అంటే సుమారు 24 శాతానికి, మనుషుల పేర్లున్నాయట. ఆ మనుషుల్లో ఎక్కువమంది 19, 20 శతాబ్దాల యూరప్ మగవాళ్ళు. తూర్పు ఆఫ్రికా సరీసృపాల మీద అంతులేని పని చేసిన ఆర్థర్ లవ్‌రిడ్జ్ పేరు ఎన్ని బల్లులకీ పాములకీ ఉందో! ఆయనతో పాటు ఏళ్ళతరబడి తిరిగి నమూనాలు పట్టి, తయారుచేసిన సలీము బిన్ అస్మాని పేరు తెలియాలంటే చరిత్రకారులు పాత కాగితాలు తిరగెయ్యాల్సి వచ్చింది.

ఏమాటకామాటే

ఇక్కడిదాకా చదివి, "అంటే ఊళ్ళోవాళ్ళు చెప్పిందే వేదం, సైన్సు దండగ అంటావా?" అని అడగబోతున్నారు కదూ. అదే వస్తున్నా.

మా తాతయ్యకి కొబ్బరితోట ఉండేది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఓ సాయంత్రం కొమ్మ మీద పసరిక పాము కనబడింది. ఆకుపచ్చ తాడులా ఎంత ముద్దుగా ఉందో! నేను దగ్గరికెళ్ళబోతే తాతయ్య రెక్క పట్టుకుని లాగేశాడు. "ఒరేయ్, అది ఎగిరొచ్చి కళ్ళల్లో పొడుస్తుందిరా" అని కర్రతో కొట్టి చంపేశాడు. నిజానికి పసరిక పాము మనిషినేమీ చెయ్యలేదు. దానిదీ వెనక కోరల విషమే గానీ చాలా తేలికపాటిది. కళ్ళల్లో పొడవడం కట్టుకథ. ఇదే తాతయ్య రాత్రి పడుకోబోయేముందు "కింద పడుకోవద్దు, కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలీదు, నిద్రలోనే పోతారు" అనేవాడు. అది అక్షరాలా నిజం, ఏ డాక్టరునైనా అడగండి.

ఒకే మనిషి, ఒకే తోట. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. తేల్చడానికి సైన్సు కావాల్సిందే. నా బాధల్లా తేల్చకుండానే మూసెయ్యడం గురించి. స్మిత్ ఆ జనాన్ని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే? "ఎవరు చచ్చిపోయారు? ఎన్నాళ్ళకి పోయారు?" అని. "వెంటనే కాదు దొరా, మర్నాడు" అని ఎవరైనా చెప్పి ఉండేవాళ్ళేమో. అడిగాడో లేదో మనకి తెలియదు, పుస్తకంలో మాత్రం ఆ జవాబు లేదు.

పేర్లు పెట్టి జాతులు విడదీయడం ఊరికే మ్యూజియం వాళ్ళ కాలక్షేపం అనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. చిన్నపింజర మన దగ్గరా ఉంది, ఆఫ్రికాలోనూ దాని చుట్టాలున్నాయి. చాలాకాలం అన్నిటినీ ఒకే పేరుతో పిలిచారు. పశ్చిమ ఆఫ్రికాలోది వేరని 1970లో గానీ దానికి ప్రత్యేకంగా పేరు రాలేదు. 2000ల మధ్యలో ఘనాలో పాతమందు బదులు మన దేశంలో తయారైన విరుగుడు వాడటం మొదలుపెడితే, ఒక గ్రామీణ ఆస్పత్రిలో పాముకాటు మరణాలు 1.8 శాతం నుంచి 12.1 శాతానికి పెరిగాయి. 2008లో ఈ వివరాలు ప్రచురించారు. మన పాము విషంతో చేసిన మందు వాళ్ళ పాముకి సరిగ్గా పనిచెయ్యలేదు. పెట్టె మీద "పాముకాటు మందు" అనే ఉంది. ఏ పాముకి అన్నది అసలు ప్రశ్న. ఎక్కడో బల్ల ముందు కూర్చుని పొలుసులు లెక్కపెట్టేవాళ్ళ పని, ఊళ్ళో పాము కాటు తిన్నవాళ్ళ మాట.. రెండూ ఒకేచోటికి చేరాల్సింది అక్కడే.

ఇంతకీ నా టికెట్

సోమవారం ఆఫీసుకెళ్ళాక ఆ గోదాము సమస్య మీద రూట్ కాజ్ రిపోర్టు రాయాల్సొచ్చింది. అందులో "సమస్యని గుర్తించినవారు" అని ఒక గడి ఉంటుంది. మా లీడ్ "ఆడిట్ టీమ్" అని రాసెయ్యమన్నాడు. నేను రాత్రి షిఫ్టు ఆపరేటర్ పేరు, ఆయన టికెట్ పెట్టిన తేదీ రాశాను. దాని కింద, మూసేసినవారు అని నా పేరు కూడా. "అంత అవసరమా బాబూ? నాలుగు నెలల ముందే తెలుసని వాళ్ళ చేతికి రాసిచ్చినట్టు ఉంటుంది" అన్నాడు లీడ్. కాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయన పేరు, తేదీ ఉంచారు. నా పేరు తీసేశారు. (అది నాకు నచ్చలేదని చెబితే మీరు నమ్మరు, కానీ నిజంగానే నచ్చలేదు.)

తర్వాత ఆ ఆపరేటర్‌కి క్షమాపణ చెబుతూ నాలుగు ముక్కలు మెయిలు రాశాను. ఇంకేమైనా తేడాగా కనబడుతోందా అని చివర్లో అడిగాను. రెండు రోజులకి జవాబొచ్చింది. మళ్ళీ రెండే వాక్యాలు. వర్షం పడిన రాత్రుల్లో మూడో నంబరు గేటు దగ్గర స్కాన్ చేసినవి కొన్ని అసలు లెక్కలోకే రావట్లేదట.

వర్షానికీ సాఫ్ట్‌వేరుకీ ఏమిటి సంబంధం? నాకేమీ అర్థం కాలేదు. చూస్తే పిచ్చి మాటలానే ఉంది. కానీ టికెట్ మాత్రం తెరిచే ఉంచాను. అక్కడ వాన పడే రోజుకోసం ఎదురుచూస్తున్నా. ఈసారి రాత్రిపూటే లాగిన్ అవుతాను.